ఇంగ్లండ్ సెకండరీ స్కూల్లో ఆఖరి వారాలు: బ్యాగు దులిపితే బయటపడ్డ సంగతులు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇదిగో, ఈ టేబుల్ మీద పరిచిందంతా మా బాబు లాకర్ ఖాళీ చేసి ఇంటికి మోసుకొచ్చిన సామాను. జత లేని పీఈ సాక్సు, మూత పోయిన కాలిక్యులేటర్, డీటీ (డిజైన్ అండ్ టెక్నాలజీ) క్లాసులో చేసిన చెక్క పెట్టె, ఫుడ్ టెక్‌కి, అంటే వంట క్లాసుకి, పట్టుకెళ్లి అక్కడే మర్చిపోయిన డబ్బా (దాని మూత మాత్రం తీయను, మీ మంచికే), మార్చిలో నేను సంతకం పెట్టి పంపాల్సిన కాగితం. వాడికి ఇయర్ నైన్ అయిపోతోంది. మా పాప ఇయర్ లెవెన్ పరీక్షలు రాసేసి ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది. సమ్మర్ టర్మ్ చివర్లో సెకండరీ స్కూళ్లలో అసలేం జరుగుతుందో ఈ వీడియోలో చెప్తాను.

ముందే చెప్పేస్తున్నా, స్కూల్ లోపలి క్లిప్ ఒక్కటి కూడా ఉండదు. వేరే వాళ్ల పిల్లలు ఫ్రేములో పడతారు కాబట్టి తీయకూడదు, నేనూ తీయను. అయినా సెకండరీలో మనల్ని లోపలికి పిలిచేదెప్పుడు కనక? ప్రైమరీలో రోజూ గేటు దగ్గర టీచర్ కనిపించేవారు, పిల్లాడు ఎవరితో ఆడాడో, ఎవరితో అలిగాడో అక్కడే తెలిసిపోయేది. పదకొండేళ్లకి ఇయర్ సెవెన్‌లో చేరాక వాళ్లే బస్సెక్కి వెళ్తారు, వాళ్లే వస్తారు. "ఎలా జరిగింది నాన్నా?" అంటే "ఫైన్." అయిపోయింది. ఇక మనకి మిగిలినవి ఈమెయిళ్లు, స్కూల్ యాప్, ఈ బ్యాగు. వీటిలో నేను నమ్మేది బ్యాగునే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ ఏడాదికి పిల్లలకి మామూలుగా 190 పనిరోజులు, టీచర్లకి 195. ఆ తేడా 5 రోజులే ఇన్‌సెట్ డేలు, అంటే పిల్లలు రాకుండా టీచర్లకి మాత్రమే శిక్షణ ఉండే రోజులు. ఉన్నట్టుండి సోమవారం స్కూల్ లేదంటే సాధారణంగా అదే కారణం. మూడు టర్ములు, ప్రతిదాని నడుమ ఒక హాఫ్ టర్మ్ సెలవు. సమ్మర్ టర్మ్ ఇంగ్లండ్‌లో ఎక్కువ చోట్ల జూలై మూడో వారం దాటేదాకా సాగుతుంది. లెస్టర్ వైపు ఉన్నవాళ్లకి మాత్రం కాస్త ముందే సెలవులిస్తారు. ఒకప్పుడు అక్కడి ఫ్యాక్టరీలన్నీ జూలైలో ఒకేసారి రెండు వారాలు మూసేవారట, ఫ్యాక్టరీలు పోయినా ఆ అలవాటు పోలేదు. స్కాట్లండ్‌లో అయితే జూన్ చివరికల్లా సెలవులే.

సరే, బ్యాగు దగ్గరికొద్దాం. నలిగిపోయిన ఈ పసుపు రిబ్బను స్పోర్ట్స్ డేది. పిల్లలందరినీ హౌస్‌లుగా విడగొడతారు, ఏడాది పొడుగునా వచ్చిన పాయింట్లు కూడి ఆఖరి అసెంబ్లీలో హౌస్ కప్ ఇస్తారు. స్పోర్ట్స్ డే నాడు ఆ లెక్కలన్నీ తారుమారైపోతాయి కాబట్టి గొంతులు పోయేలా అరుస్తారు. వంద మీటర్లకి, రిలేకి పేర్లివ్వడానికి ఎగబడతారు. 1500 మీటర్లు అనగానే అందరూ షూ లేసులు చూసుకుంటారు. ట్యూటర్, అంటే మన క్లాస్ టీచర్ లాంటివారు, బతిమాలి బతిమాలి ఎవరో ఒకర్ని ముందుకి తోస్తారు. ఈసారి ఆ ఎవరో ఒకరు మావాడే. ఎన్నో స్థానం అని అడక్కండి, ఆగకుండా పూర్తి చేస్తే హౌస్‌కి ఒక పాయింటు ఉందిట, ఆ రిబ్బను దానికి. పొద్దున సన్ క్రీమ్ రాసుకోరా అంటే "ఎండెక్కడుందమ్మా" అన్న పెద్దమనిషి, సాయంత్రానికి మెడ కమిలిపోయి వచ్చాడు.

నన్నడిగితే వీటన్నిటికంటే విలువైంది డీ ఆఫ్ ఈ. పూర్తి పేరు డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరా అవార్డు, 1956లో ప్రిన్స్ ఫిలిప్ మొదలుపెట్టారు. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు మెట్లు. చాలా స్కూళ్లలో బ్రాంజ్ ఇయర్ నైన్‌లోనో టెన్‌లోనో చేయిస్తారు. వలంటీరింగ్, ఫిజికల్, స్కిల్ అని మూడు పనులు, ఒక్కోటి కనీసం మూడు నెలలు, వాటిలో ఏదో ఒకటి ఆరు నెలలు చేయాలి. ఆఖర్న ఎక్స్‌పెడిషన్: రెండు పగళ్లు, ఒక రాత్రి. టెంటు, స్టవ్వు, తిండి, బట్టలు అన్నీ వీపు మీదే. చేతిలో మ్యాపు, దిక్సూచి. టీచర్లు దూరం నుంచి కనిపెట్టుకుని ఉంటారు తప్ప పక్కన నడవరు.

ఆ బ్యాగు సర్దడం చూడాలండీ! ముందు లోపల పెద్ద బిన్ బ్యాగు పరచాలి, వాన పడినా బట్టలు తడవకుండా. అడుగున స్లీపింగ్ బ్యాగు, బరువైనవి వీపుకి ఆనేలా మధ్యలో, రెయిన్ కోటు అన్నిటికన్నా పైన. ఇంట్లో తన దుప్పటి తను మడవని పిల్లాడు స్లీపింగ్ బ్యాగుని మోకాళ్లతో నొక్కి, గాలి తీసి, చుట్ట చుడుతుంటే నేను గుమ్మంలోనే నిలబడిపోయా. వాళ్ల గుంపు మ్యాపు తిరగేసి పట్టుకుని ఏదో ఆవుల పొలంలో తేలారట, అక్కడ పావుగంట వాదులాట, తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. తిరిగొచ్చాక గిన్నె అడుగంతా మసి. సామాను శుభ్రంగా అప్పజెప్పాలి కదా, సింకు దగ్గర నిలబడి తోముతూనే ఉన్నాడు. సాయం చేస్తానంటే వద్దన్నాడు. రిపోర్ట్ కార్డులో "యాటిట్యూడ్ టు లెర్నింగ్" అని ఒక గడి ఉంటుంది, దాన్ని చూస్తే ఇవేవీ కనిపించవు.

ఇప్పుడు పాప సంగతి. ఇయర్ లెవెన్ వాళ్లకి మే, జూన్‌లలో జీసీఎస్‌ఈ పరీక్షలు, మన టెన్త్ పబ్లిక్ పరీక్షల్లాంటివి. అందుకని వాళ్ల వీడ్కోళ్లు అందరికన్నా ముందే అయిపోతాయి, పరీక్షలయ్యాక ప్రామ్, అంటే ముస్తాబై వెళ్లే వీడ్కోలు పార్టీ. ప్రామ్ గురించి పెద్దగా చెప్పను. డ్రెస్సు, మేకప్, ఏ కార్లో దిగాలి, ఎవరితో దిగాలి అని వసంతం నుంచీ ఇంట్లో అదే గోల. మావారైతే "ఇది స్కూల్ పార్టీయా, పెళ్లి రిసెప్షనా?" అని ఒక్కసారి అడిగి, కూతురి చూపు చూసి మళ్లీ అడగలేదు.

నేను దాచిపెట్టింది ఈ తెల్ల చొక్కా. ఆఖరి రోజు అందరూ ఒకరి యూనిఫామ్ మీద ఒకరు మార్కర్లతో సంతకాలు పెట్టుకుంటారు. మా రోజుల్లో స్లామ్ బుక్కులుండేవి, ఇది ఒంటి మీద వేసుకునే స్లామ్ బుక్ అనుకోండి. ఇటు చూడండి, వీపు మీద పెద్ద అక్షరాలన్నీ పెద్దగా పరిచయం లేనివాళ్లవి. దగ్గరి స్నేహితులు చోటు వెతుక్కుని కాలరు లోపలా, చేతి మడతలోనూ చిన్నగా రాశారు. లెక్కల మాస్టారు సంతకం చేసి కింద "స్టెప్స్ రాయి" అని రాశారు. పాపం, ఐదేళ్లుగా ఆయన మొత్తుకుంటున్నది అదే. కొన్ని స్కూళ్లు చొక్కాలు పాడుచేయొద్దని లీవర్స్ హుడీలు చేయిస్తాయి, బ్యాచ్ పిల్లలందరి పేర్లూ చిన్న అక్షరాల్లో పేర్చి వీపు మీద ఆ సంవత్సరం అంకెలు వచ్చేలా. మనవాళ్ల పొడుగు పేర్లు ఆ అంకెల్లో ఒక వరసంతా తీసుకుంటాయి, అదీ ఒక అందమే.

ఇక అసలు తగువు. చివరి వారం కొన్ని క్లాసుల్లో క్విజ్‌లు పెడతారు, కొన్నిట్లో సినిమా వేస్తారు, పుస్తకాలు వెనక్కి తీసుకుంటారు. ఆఖరి రోజు చాలా స్కూళ్లు మధ్యాహ్నానికే పంపించేస్తాయి. అటు చూస్తే సెలవులు మొదలవగానే ఇండియా టికెట్ల ధరలు కొండెక్కుతాయి. "ఎలాగూ చదువు లేదు, వారం ముందే బయల్దేరితే ఏం పోయింది?" అని ప్రతి తెలుగింట్లోనూ ఈ మాట వస్తుంది. పోయేది ఇదీ: ఇంగ్లండ్‌లో 2024 ఆగస్టు నుంచి అనుమతి లేకుండా ఐదు రోజులు మానేస్తే ఫైన్ దాకా వెళ్తుంది. 21 రోజుల్లోపు కడితే 80 పౌండ్లు, 28 రోజుల్లోపయితే 160. అది ఇంటికి కాదు, ఒక్కో పేరెంట్‌కి, ఒక్కో పిల్లాడికి. అమ్మానాన్నా ఇద్దరు, పిల్లలిద్దరు అంటే వెంటనే కట్టినా 320 పౌండ్లు. మూడేళ్లలో రెండోసారి అదే జరిగితే ఏకంగా 160, మూడోసారి అయితే ఫైన్‌తో సరిపెట్టరు, కోర్టు దాకా పోవచ్చు.

అయినా టికెట్ల లెక్క వేసి ఫైన్ కట్టడమే లాభం అనేవాళ్లున్నారు, నిజంగానే లాభం కావచ్చు కూడా. నేనైతే వద్దంటాను. మనం లెక్కలోకి తీసుకోని ఆ వారమే పిల్లలకి ఏడాది మొత్తంలో గుర్తుండేది. ఆ వారం స్కూల్లో లేని పిల్లాడు సెప్టెంబర్‌లో వెళ్లి, అందరూ చెప్పుకుని నవ్వుకునే కబుర్లకి పక్కన నిలబడి వినాల్సిందే.

మరో మాట, ఇది మనవాళ్లకే పనికొచ్చేది. యాక్టివిటీస్ వీక్‌లో, అంటే పాఠాలు ఆపి ట్రిప్పులు, ఆటలు పెట్టే వారంలో, కొన్ని స్కూళ్లలో ఫ్రాన్స్, స్పెయిన్ ట్రిప్పులుంటాయి. పిల్లాడిది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే క్లాసంతా హాయిగా వెళ్లిపోతున్నా వాడికి షెంగెన్ వీసా కావాల్సి రావచ్చు, ఏ దేశానికి ఎలాగో ముందే కనుక్కోండి. డిపాజిట్ కట్టే రోజే ట్రిప్ చూసే టీచర్‌కి చెప్పి, వీసా కావాల్సి వస్తే స్కూల్ లెటర్ తీసుకుని, అపాయింట్‌మెంట్ వెతుక్కోండి. వేసవిలో అవి దొరకడం గగనం.

ఇక జీసీఎస్‌ఈ ఫలితాలు ఆగస్టులో ఒక గురువారం వస్తాయి. గ్రేడ్లు 9 నుంచి 1 దాకా, 9 అన్నిటికన్నా పైది. ఇంగ్లీషులో, మ్యాథ్స్‌లో 4 రాకపోతే సిక్స్త్ ఫామ్‌కో (మన ఇంటర్ లాంటిది) కాలేజీకో వెళ్లినా ఆ సబ్జెక్ట్ చదవడం కొనసాగించాల్సిందే. ఆ రోజుకి మీరు ఇండియాలో ఉండేటట్టయితే ఫలితాలు ఈమెయిల్‌లో పంపుతారా, లేక పిల్లలు రాసిచ్చిన లెటర్‌తో ఇంకెవరైనా వెళ్లి తెచ్చుకోవచ్చా అని స్కూల్ ఆఫీసుని ఈ వారంలోనే అడిగి పెట్టుకోండి. స్కూల్ మూసేశాక ఫలితాల రోజు దాకా అక్కడ ఫోనెత్తే మనిషి దొరకడం కష్టం.