బాకులా రివ్యూ: డేటా అంతా చేరింది, బ్యాకప్ మాత్రం ఫెయిల్

నమస్తే అండీ. ఈ రోజు బాకులా గురించి మాట్లాడుకుందాం. 2000లో కెర్న్ సిబాల్డ్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇది. డ్రాక్యులాలా రాత్రిపూట వచ్చి సర్వర్లలోని సారమంతా పీల్చుకుపోతుందని సరదాగా ఆ పేరు పెట్టారు. మా ఆఫీసులో మాత్రం మూడు వారాలు నా నిద్రే పీల్చేసింది.

ఫీచర్ల చిట్టా చదవను, భయపడకండి. మాకు జరిగింది చెప్తే దీని మంచీ చెడూ అందులోనే తెలిసిపోతాయి.

రోజువారీ ఇంక్రిమెంటల్ (ముందటి బ్యాకప్ తర్వాత మారిన ఫైళ్లు మాత్రమే తీసేది) పది నిమిషాల్లో అయిపోయేది, ఏ గొడవా లేదు. శనివారం రాత్రి ఫుల్ బ్యాకప్ మాత్రం ఐదారు గంటలు నడిచి నడిచి, తీరా చివర్లో 'కనెక్షన్ రీసెట్ బై పీర్' (అవతలి వైపు లైన్ తెంపేసింది) అనేది. కేబుల్ మార్చాం. స్విచ్‌లో పోర్ట్ మార్చాం. నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపే ఈథ్‌టూల్‌లో కౌంటర్లు చూస్తే ఒక్క ఎర్రర్ ప్యాకెట్ కూడా లేదు. విచిత్రమేంటంటే, స్టోరేజ్ వైపు చూస్తే డేటా మొత్తం వచ్చేసి ఉంది!

బాకులాలో ముగ్గురుంటారు (డెమన్ అంటే వెనకాల నిశ్శబ్దంగా నడిచే ప్రోగ్రామ్). హుకుం జారీ చేసే డైరెక్టర్, సర్వర్‌లో ఫైళ్లు చదివే ఫైల్ డెమన్, వాటిని డిస్క్‌కో టేప్‌కో రాసే స్టోరేజ్ డెమన్. డైరెక్టర్ 9102 పోర్టులో (ఇది స్విచ్‌లో పోర్ట్ కాదు, కనెక్షన్ నంబరు) ఫైల్ డెమన్‌కి 'మొదలుపెట్టు' అని చెప్పి ఊరుకుంటాడు. ఆపైన డేటా అంతా 9103 మీదుగా స్టోరేజ్‌కి పోతూనే ఉంటుంది, డైరెక్టర్ లైన్లో మాత్రం చడీచప్పుడు ఉండదు. మధ్యలో ఉన్న మా ఫైర్‌వాల్ గంటసేపు చూసి, ఈ కనెక్షన్ ఎవరూ వాడట్లేదనుకుని లిస్టులోంచి తీసేసేది. పని ముగిశాక 'అయిపోయింది సార్' అని చెబుదామంటే అసలు లైనే లేదు.

ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని అప్పుడప్పుడూ పలకరించే టీసీపీ కీప్‌అలైవ్ ఉంది కదా అంటారా? లినక్స్‌లో డీఫాల్ట్ 7200 సెకన్లు. మొదటి పలకరింపుకే రెండు గంటలు! గంటకే మర్చిపోయే ఫైర్‌వాల్ దగ్గర అదేం పనికొస్తుంది? అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్లకి బయటి నెట్‌కి దారిచ్చే నాట్ గేట్‌వే అయితే 350 సెకన్లకే వదిలేస్తుంది.

దీనికి మందు ఒక్క లైను: హార్ట్‌బీట్ ఇంటర్వెల్ ('లైన్లోనే ఉన్నా' అని ఎంతసేపటికోసారి చెప్పాలన్న సెట్టింగ్), 60 సెకన్లు. పాత వెర్షన్లలో డీఫాల్ట్ సున్నా, అంటే ఆఫ్; కొత్తవాటిలో 300. అయితే డైరెక్టర్, స్టోరేజ్, ఫైల్ డెమన్ మూడు కాన్ఫిగ్ ఫైళ్లలోనూ పెట్టాలి. మేం డైరెక్టర్‌లో ఒక్కచోటే పెట్టి ఇంకో శనివారం తగలేశాం. డైరెక్టర్‌కి బాకులా కమాండ్లు కొట్టే బీకన్సోల్‌లో రీలోడ్ కొడితే చాలు, మిగతా రెండూ రీస్టార్ట్ చేయాలి. జాబ్ నడుస్తుండగా మాత్రం వద్దు.

ఇదంతా మాన్యువల్లో ఉంది అండీ, కాదనను. కానీ ఎర్రర్ మెసేజ్‌లో ఆ ముక్క ఒక్కటి చెప్తే ఏం పోయింది? అందుకే ఒక మార్కు కోత. టేపులు, పదుల సర్వర్లు ఉన్నవాళ్లకి నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఒక్క వీపీఎస్ (అద్దె వర్చువల్ సర్వర్) ఉన్నవాళ్లకి రెస్టిక్ అనే చిన్న బ్యాకప్ టూల్ చాలు, ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

మీ బ్యాకప్ ఎక్కడ తెగుతోందో లాగ్ కామెంట్లో పెట్టండి, చూస్తాను. కాన్ఫిగ్ కూడా పెట్టేట్టయితే పాస్‌వర్డ్ లైన్లు తీసేయండి బాబూ, అందులో అవి మామూలు అక్షరాల్లోనే ఉంటాయి.