చర్చల బల్ల చుట్టూ సాగిన యుద్ధం: వియత్నాం, 1954 నుంచి 1975 దాకా

శ్రోతలకు నమస్కారం.

పోరాడుకుంటున్న రెండు పక్షాలు చర్చలకు ఒప్పుకున్నాయన్న వార్త వినగానే మనకు ఊరట కలుగుతుంది. ఇక కాల్పులు తగ్గుతాయి, కొన్ని ప్రాణాలైనా నిలుస్తాయి అనుకుంటాం. వియత్నాం యుద్ధ చరిత్ర చదివాక నాకు ఆ నమ్మకం చెదిరిపోయింది. అక్కడ చర్చలు దగ్గరపడిన ప్రతిసారీ యుద్ధం ఉధృతమైంది. రేపు సర్వేయరు వచ్చి కొలతలు వేస్తాడని తెలిస్తే ఈ రాత్రే గట్టు జరిపేవాళ్లు మన ఊళ్లలోనూ ఉంటారు కదా! బల్ల ముందు కూర్చునే నాటికి ఎంత నేల చేతిలో ఉంటే మాటకు అంత బరువు. ఆ బరువు కోసం రెండు దశాబ్దాల పాటు లక్షల మందిని బలిపెట్టారు. ఈ యుద్ధాన్ని నేను ఈ రోజు ఆ వైపు నుంచే చెప్పదలచుకున్నాను.

1954 ఫిబ్రవరిలో అగ్రరాజ్యాలు బెర్లిన్‌లో సమావేశమై, కొరియా, ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) సమస్యలను ఏప్రిల్ చివరిలో జెనీవాలో చర్చిద్దామని ప్రకటించాయి. అప్పటికి ఫ్రాన్స్ తన పాత వలసను నిలబెట్టుకోవడానికి ఏడేళ్లుగా కమ్యూనిస్టు నేత హో చి మిన్ నాయకత్వంలోని వియత్ మిన్ స్వాతంత్ర్య దళాలతో పోరాడుతోంది. అంతకు ముందు నవంబరులోనే ఫ్రెంచి సేనలు లావోస్ సరిహద్దుకు దగ్గర్లో, చుట్టూ కొండలున్న దియన్ బియన్ ఫూ లోయలో పారాచూట్లతో దిగి స్థావరం కట్టుకున్నాయి. శత్రువును బహిరంగ యుద్ధానికి రప్పించి ఫిరంగులతో తుడిచిపెట్టాలన్నది వారి ఆలోచన. రోడ్లు లేని ఆ కొండల మీదికి అవతలివాళ్లు పెద్ద ఫిరంగులు తేలేరని వారి ధీమా.

తెచ్చారు. వియత్ మిన్ సేనాని వో న్గుయెన్ గియాప్ ఒకప్పుడు చరిత్ర పాఠాలు చెప్పిన బడిపంతులు. ఆయన సైనికులు తాళ్లు కట్టి, వెనక్కి జారకుండా చక్రాలకు దుంగలు అడ్డం పెడుతూ, టన్నుల బరువున్న ఫిరంగులను కొండల మీదికి లాగారు. జనవరి 25న దాడికి ముహూర్తం పెట్టారు. ఫ్రెంచివారు స్థావరాన్ని బాగా పటిష్ఠం చేసుకున్నారని గ్రహించిన గియాప్ ఆఖరి ఘడియలో దాడి ఆపేశారు. చెమటోడ్చి ఎక్కించిన ఫిరంగులను మళ్లీ కిందికి దించమన్నారు. తన జీవితంలో అంత కష్టమైన నిర్ణయం మరొకటి లేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఇక బియ్యం, మందుగుండు మోసినది సైకిళ్లు. హ్యాండిల్‌కు ఒక వెదురు కర్ర, సీటు వెనక నిటారుగా ఇంకొకటి కట్టేవారు. సైకిలెక్కి తొక్కడం ఉండదు. మనిషి పక్కన నడుస్తూ ఒక కర్రతో దారి తిప్పుతూ, రెండో కర్రతో నెట్టుకుంటూ వెళ్లేవాడు. ఒక్కో సైకిలు మీద 200 కిలోలకు పైగా బరువు. విమానాల కంట పడకుండా ప్రయాణమంతా చాలావరకు రాత్రుళ్లే. వేల సైకిళ్లు, లక్షల మంది కూలీలు. వారిలో స్త్రీలు చాలామంది.

మార్చి 13న దాడి మొదలైంది. ఫిరంగులన్నీ కొండ కడుపుల్లో తవ్విన గుహల్లో ఉన్నాయి. వాటిని ఇట్టే నోరు మూయిస్తానని మాట ఇచ్చిన ఫ్రెంచి ఫిరంగి దళాధిపతి కర్నల్ పిరోత్, రెండు రోజులు తిరక్కుండానే తన బంకర్‌లో గ్రెనేడు పేల్చుకుని ప్రాణం తీసుకున్నాడు. మే 7 సాయంత్రం స్థావరం పడిపోయింది. మర్నాడు, మే 8న, జెనీవాలో ఇండోచైనాపై చర్చలు ప్రారంభమయ్యాయి. జరిగిన ఓటమిని తలచుకుంటూ ఫ్రెంచి విదేశాంగ మంత్రి ఆ సభలో మాట్లాడవలసి వచ్చింది. ఫిబ్రవరిలో జెనీవా మాట రాకపోయి ఉంటే ఇరుపక్షాలూ ఆ లోయ కోసం అంత రక్తం పోసేవా అన్నది నా సందేహం.

యుద్ధంలో గెలిచిన వియత్ మిన్‌కు బల్ల దగ్గర గెలిచినంతా దక్కలేదు. వారి ప్రతినిధి ఫామ్ వాన్ డాంగ్ దేశాన్ని 13వ అక్షాంశం దగ్గర విభజించమన్నారు. కొరియాలో అమెరికాతో పోరాడి అలసిన చైనాకు తన దక్షిణ సరిహద్దులో అమెరికా సేన మళ్లీ దిగడం ఇష్టం లేదు. చైనా ప్రధాని చౌ ఎన్ లై, సోవియట్ ప్రతినిధి మొలొటోవ్ ఇద్దరూ మిత్రుడికే నచ్చజెప్పారు. జులై 20 లోగా ఒప్పందం కుదరకపోతే రాజీనామా చేస్తానని కొత్త ఫ్రెంచి ప్రధాని మెండెస్ ఫ్రాన్స్ శపథం పట్టారు. గడువు దాటి 21 తెల్లవారుజామున సంతకాలు పడినా, కాగితం మీద తేదీ 20 అనే వేశారు. గీత 17వ అక్షాంశం మీద పడింది. ఉత్తరం హనోయి రాజధానిగా వియత్ మిన్‌కు, దక్షిణం సైగాన్ రాజధానిగా వారి వ్యతిరేక ప్రభుత్వానికి. ఏకీకరణ కోసం 1956 జులైలో దేశమంతటా ఎన్నికలు జరపాలన్నారు. అమెరికా ఈ ఏర్పాటులో భాగం కాలేదు. సైగాన్ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు.

ఆ ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానికి అధ్యక్షత మన దేశానిది. కెనడా, పోలండ్ సభ్యులు. అదే ఏడాది అక్టోబరులో నెహ్రూ హనోయి వెళ్లారు. 1958 ఫిబ్రవరిలో హో చి మిన్ మన దేశానికి వచ్చారు. మన అధికారులు, జవాన్లు ఏళ్ల తరబడి అక్కడ ఫిర్యాదులు విని నివేదికలు రాశారు. ఉల్లంఘన జరిగిందని రాయగలరే తప్ప దాన్ని ఆపించే అధికారం ఆ సంఘానికి లేదు. ఆ మనుషుల పట్ల నాకు గౌరవం ఉంది. వాళ్లకు చేతకాని పనిని వాళ్ల నెత్తిన పెట్టారు.

దక్షిణాన ప్రధాని న్గో దిన్ డియెమ్ 1955 అక్టోబరులో దేశాధినేత ఎవరన్న దానిపై జనాభిప్రాయ సేకరణ జరిపి 98 శాతం ఓట్లు తనకే వచ్చాయని చాటుకున్నారు. సైగాన్ నగరంలో నమోదైన ఓటర్ల కన్నా పోలైన ఓట్లే ఎక్కువ. 1956 ఎన్నికలకు ఆయన ససేమిరా అన్నారు, అమెరికా వెనక నిలబడింది. 1960 డిసెంబరులో దక్షిణాన సైగాన్ ప్రభుత్వంపై పోరాడే గెరిల్లాల కూటమి, జాతీయ విమోచన సంఘటన, ఏర్పడింది. 1963 నవంబరులో డియెమ్‌ను సొంత సైన్యాధికారులే చంపారు. 1964 ఆగస్టులో టాంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ప్రకటించారు. ఆ రెండో దాడి జరగనే లేదని తర్వాత తేలింది. కానీ ఆ మాట మీదే ఆయన అమెరికన్ చట్టసభ కాంగ్రెస్ నుంచి యుద్ధం నడిపే సర్వాధికారాలు పొందారు. ప్రతినిధుల సభలో ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు, సెనేట్‌లో పడినవి రెండే. 1965 మార్చిలో అమెరికన్ మెరీన్లు డా నాంగ్ తీరాన దిగారు. మూడేళ్లు తిరిగేసరికి అక్కడున్న అమెరికన్ సైనికులు ఐదు లక్షలు.

1967 డిసెంబరు చివరిలో హనోయి విదేశాంగ మంత్రి ఒక మాట చెప్పారు: అమెరికా బాంబుదాడులు ఆపితే చర్చలకు సిద్ధం. సరిగ్గా నెలకు, 1968 జనవరి చివరి రాత్రుల్లో, టెట్ దాడి మొదలైంది. టెట్ అంటే వియత్నాం వారి సంవత్సరాది. పండుగకు ఇరుపక్షాలూ కాల్పుల విరమణ ప్రకటించాయి. సైగాన్ సైనికుల్లో సగం మంది సెలవు పెట్టి ఇళ్లకు వెళ్లారు. వీధుల్లో టపాకాయలు పేలుతున్న వేళ వందకు పైగా పట్టణాల మీద దాడులు జరిగాయి. సైగాన్‌లో అమెరికన్ రాయబార కార్యాలయం ఆవరణలోకే గెరిల్లాలు చొరబడ్డారు.

సైనికంగా అది హనోయికి పెద్ద దెబ్బ. జనం తిరగబడతారన్న అంచనా తప్పింది. దక్షిణాది గెరిల్లాలు వేలకు వేలు నేలకొరిగారు. అయినా, విజయం దగ్గర పడిందని రెండు నెలల కిందటే తమ సేనాని వెస్ట్‌మోర్‌లాండ్ నోట విన్న అమెరికన్ ప్రజలు టీవీల్లో ఆ దృశ్యాలు చూసి నివ్వెరపోయారు. మార్చి 31న జాన్సన్ బాంబుదాడులను తగ్గిస్తున్నట్లు చెప్పి, తాను మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేయనని ప్రకటించారు. పారిస్‌లో చర్చలకు దారి ఏర్పడింది.

ఈ లెక్కల మధ్య నలిగిన ఊరు హ్యూ. పాత రాజధాని, కోట, పగోడాలు, నది ఒడ్డున తోటలు. దాదాపు నెల రోజులు వీధివీధినా యుద్ధం. నగరాన్ని చేజిక్కించుకున్న కమ్యూనిస్టు దళాలు పేర్ల జాబితాలు పట్టుకుని ఇళ్లు తిరిగాయి. ఉద్యోగులను, ఉపాధ్యాయులను, మతగురువులను తీసుకుపోయారు. తర్వాత సామూహిక సమాధుల్లో వేల శవాలు దొరికాయి. తిరిగి పట్టుకునే క్రమంలో అమెరికన్ ఫిరంగులు, విమానాలు నగరాన్ని శిథిలం చేశాయి. ఆ మార్చి 16నే మై లై గ్రామంలో అమెరికన్ సైనికులు ఆడవారిని, పసిపిల్లలను, వృద్ధులను వందల సంఖ్యలో కాల్చి చంపారు. ఒక పక్షం చేసిన దారుణాన్ని చెప్పి రెండో పక్షానిది దాచేవారి మాట నేను నమ్మను.

మే నెలలో పారిస్ చర్చలు ప్రారంభమయ్యాయి. సరిగ్గా అదే నెలలో హనోయి రెండో విడత దాడులకు దిగింది. మొత్తం యుద్ధంలో అమెరికా అత్యధికంగా సైనికులను కోల్పోయిన నెల అదే, 2,400 మందికి పైగా. దౌత్యవేత్తలు కరచాలనాలు చేసుకున్న నెల.

ఇక బల్ల సంగతి. దక్షిణాది గెరిల్లాల సంఘటన తనను సమాన పక్షంగా గుర్తించాలంది. దానికి విడి కుర్చీ వేస్తే దాని ఉనికిని ఒప్పుకున్నట్లేనని సైగాన్ అధ్యక్షుడు న్గుయెన్ వాన్ థియూ అసలు పారిస్‌కే రానన్నారు. అమెరికాలో ఎన్నికల వేళ అది. ఇప్పుడే ఒప్పుకోవద్దు, మేము గెలిస్తే మీకు మేలు అంటూ ప్రతిపక్ష అభ్యర్థి రిచర్డ్ నిక్సన్ వర్గం నుంచి సైగాన్‌కు రహస్యంగా కబుర్లు వెళ్లాయి. జాన్సన్ దాన్ని ఏకాంతంలో రాజద్రోహం అన్నారు గానీ బయటపెట్టలేదు. నిక్సన్ గెలిచారు. ఆ తర్వాత బల్ల ఆకారం మీద వాదన వారాల తరబడి నడిచింది. నలుగురూ సమానమని చూపే చతురస్రం కావాలని హనోయి. ఇటు ఒకరు, అటు ఒకరు అని చూపే రెండు వైపుల బల్ల కావాలని సైగాన్, వాషింగ్టన్. 1969 జనవరిలో చివరికి కుదిరింది: మధ్యలో ఒక గుండ్రటి బల్ల, దానికి జానెడు రెండు జానల దూరంలో గుమాస్తాలకు రెండు చిన్న దీర్ఘచతురస్రపు బల్లలు. జెండాలు లేవు, పేరు పలకలు లేవు. చూసేవారు ఎవరికి తోచినట్లు వారు అర్థం చేసుకోవచ్చు. ఆ వారాలన్నీ వరి చేలల్లో కుర్రవాళ్లు చస్తూనే ఉన్నారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం ఆగదు.

ఆ గుండ్రటి బల్ల దగ్గర తేలిందేమీ లేదు. అసలు బేరం పారిస్ శివార్లలోని ఒక ఇంట్లో నిక్సన్ సలహాదారు హెన్రీ కిసింజర్, హనోయి ప్రతినిధి లె డుక్ థో మధ్య రహస్యంగా నడిచింది. బయట నిక్సన్ సైన్యాన్ని వెనక్కి రప్పిస్తూనే కంబోడియా మీద గుట్టుగా బాంబులు వేయించారు. 1972 వసంతంలో హనోయి ట్యాంకులతో భారీ దండయాత్ర చేసింది. జవాబుగా అమెరికా హైఫాంగ్ రేవులో మైన్లు పరిచింది. అక్టోబరుకు ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. అమెరికన్ సేన వెళ్లిపోతుంది, దక్షిణాన ఉన్న ఉత్తరాది సేన మాత్రం ఎక్కడిది అక్కడే ఉండవచ్చు. థియూ కాదన్నారు. ఆయన్ని మొండివాడన్నారు గానీ, ఆ ఒక్క షరతు తన దేశాన్ని ముంచుతుందని ఆయన సరిగ్గానే గ్రహించారు.

డిసెంబరు 18 నుంచి 29 దాకా, క్రిస్మస్ ఒక్కరోజు మినహా, బీ-52 విమానాలు హనోయి, హైఫాంగ్‌ల మీద బాంబులు కురిపించాయి. బాచ్ మై ఆసుపత్రి కూలింది. 26 రాత్రి ఖామ్ థియెన్ అనే జనసమ్మర్దమైన వీధిలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. అమెరికా 15 బీ-52లను పోగొట్టుకుంది. ఇంతా చేసి 1973 జనవరి 27న సంతకం చేసిన ఒప్పందానికీ అక్టోబరు ముసాయిదాకూ ముఖ్య విషయాల్లో పెద్ద తేడా లేదు. ఖామ్ థియెన్ వీధి వారు దేనికి చనిపోయినట్లు? థియూను నమ్మించడానికి, వాషింగ్టన్ పరువు నిలబెట్టడానికి అన్నదే నాకు కనిపించే జవాబు.

కాల్పుల విరమణకు ముందు రోజుల్లో పల్లెలన్నీ జెండాల పోరుగా మారాయి. ఏ ఊళ్లో ఎవరి జెండా ఎగిరితే ఆ ఊరు వారిదని లెక్క. ఇళ్ల గోడల మీద జెండాలు పూయించారు. ఒక ఊరి వాళ్లు ఉదయం ఒక రంగు, రాత్రి మరో రంగు కట్టుకోవలసి వచ్చేది. తప్పు జెండా ప్రాణం మీదికి తెచ్చేది. కొత్త పర్యవేక్షణ సంఘంలో మన దేశానికి చోటు దొరకలేదు. 1972 మొదట్లో మనం హనోయితో దౌత్య సంబంధాలను రాయబార స్థాయికి పెంచినందుకు సైగాన్‌కు ఆగ్రహం. 1973 నోబెల్ శాంతి బహుమతిని కిసింజర్‌కు, లె డుక్ థోకు కలిపి ప్రకటిస్తే, దేశంలో శాంతి ఎక్కడ నెలకొన్నదని లె డుక్ థో తీసుకోలేదు.

ఆ తర్వాతి కథ త్వరగా ముగిసింది. వాటర్‌గేట్ ఉదంతంలో నిక్సన్ పదవి పోయింది, అమెరికన్ సహాయం కరిగిపోయింది. 1975 మార్చి 10న బాన్ మే థువోట్ మీద దాడితో మొదలైన చివరి దండయాత్ర ఏప్రిల్ 30న సైగాన్ అధ్యక్ష భవనం గేటు విరగ్గొట్టుకుని లోపలికి వచ్చింది. అధ్యక్షుడై మూడు రోజులైనా కాని జనరల్ డువాంగ్ వాన్ మిన్ సైగాన్ రేడియోలో లొంగుబాటు ప్రకటించారు. సైగాన్ ప్రభుత్వంలో పనిచేసినవారిని, సైనికులను లక్షల్లో పునర్విద్యా శిబిరాలకు పంపారు. కొందరు అక్కడ పది, పదిహేనేళ్లు గడిపారు. సముద్రం మీద చిన్న పడవల్లో పారిపోయినవారు కూడా లక్షల్లోనే.

1976 జులైలో ఉత్తర, దక్షిణ భాగాలను ఒకే రాజ్యంగా ప్రకటించారు. పారిస్‌లో ఎవరి విడి కుర్చీ కోసం బల్ల ఆకారం మీద అంత పట్టు పట్టారో, ఆ గెరిల్లాల సంఘటన తర్వాత ఏర్పరచిన దక్షిణాది విప్లవ ప్రభుత్వం అంతటితో రద్దయింది. దాని విదేశాంగ మంత్రిగా పారిస్ ఒప్పందంపై సంతకం చేసిన న్గుయెన్ థి బిన్ కొత్త ప్రభుత్వంలో విద్యామంత్రి అయ్యారు. ఆ విప్లవ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రిగా ఉన్న ట్రువాంగ్ న్యు టాంగ్ మాత్రం 1978లో పడవెక్కి దేశం విడిచి వెళ్లిపోయారు.