నాలుగొందల లెక్క

శ్రోతలకు నమస్కారం. పాత ఆటగాళ్లు గొప్పా, ఇప్పటివాళ్లు గొప్పా? మనకు క్రికెట్‌తో వచ్చే ఈ తగువు అమెరికాలో బేస్‌బాల్‌తో వస్తుంది. అక్కడ అందరూ పట్టుకునే అంకె 400. అంటే వెయ్యి అవకాశాలకు 400 హిట్లు. హిట్ అంటే బంతిని కొట్టి, ఔటవకుండా మొదటి మజిలీకి (బేస్) చేరే దెబ్బ. 300 కొడితేనే మంచి బ్యాటర్ అంటారు.

1941 సెప్టెంబర్ 28, ఫిలడెల్ఫియా. సీజన్‌లో ఆఖరి రోజు, ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. బోస్టన్ రెడ్ సాక్స్ కుర్రాడు టెడ్ విలియమ్స్‌కి 23 ఏళ్లు. సగటు 399.55. రికార్డు పుస్తకంలో అది 400 కిందే లెక్క. కావాలంటే ఆడకుండా కూర్చోమన్నాడు మేనేజర్ జో క్రోనిన్. కూర్చుంటే 400 ఖాయం. కూర్చోలేదండీ, రెండు మ్యాచ్‌లూ ఆడాడు! మొదటిదాంట్లో ఐదు అవకాశాల్లో నాలుగు హిట్లు, రెండోదాంట్లో మూడింట రెండు. 406తో ముగించాడు. రికార్డు కాపాడుకోవడానికి ఆట మానుకునేవాళ్ల గురించి విన్నప్పుడల్లా నాకు ఈ కుర్రాడే గుర్తొస్తాడు.

ఆ తర్వాత అక్కడి రెండు పెద్ద లీగులైన అమెరికన్, నేషనల్ లీగుల్లో ఎవరూ 400 అందుకోలేదు. 1980లో జార్జ్ బ్రెట్ 390 దాకా, 1994లో టోనీ గ్విన్ 394 దాకా వచ్చి ఆగిపోయారు. మరి తర్వాతివాళ్లకు ఆట రాదా? వచ్చు. అందరికీ వచ్చు, అదే చిక్కు. ఊరి బడిలో ఫస్టుకీ సెకండుకీ నలభై మార్కుల తేడా ఉండొచ్చు, రాష్ట్రమంతా కలిపి చూస్తే అర మార్కే. 1941లో అమెరికన్ లీగ్ సగటు 266, విలియమ్స్ దానికి 140 పైన. 1980లో సగటు 269, బ్రెట్ 121 పైన. సగటు దాదాపు అదే, తేడా మాత్రం తగ్గింది.

ఇంకోటి. 1941లో ఆ లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లకు చోటు లేదు. జాకీ రాబిన్సన్ వచ్చింది 1947లో. శాచెల్ పేజ్ లాంటి నల్లజాతి పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, ఎదురుపడితే విలియమ్స్‌కి 406 వచ్చేదా? ఏమో, నాకైతే అనుమానమే. నల్లజాతివాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగ్స్ లెక్కలను 2024లో అధికారిక రికార్డుల్లో కలిపారు. దాంతో జాష్ గిబ్సన్ 1943లో చేసిన 466 పైకొచ్చింది. జీవితకాల సగటులోనూ టై కాబ్ 367ని దాటి గిబ్సన్ 372తో మొదటి స్థానంలోకి వచ్చాడు.

అందుకే ఏ అంకె విన్నా, ఆ ఏడాది మిగతావాళ్లు ఎంత కొట్టారో అడగండి. 1968లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ 301తోనే అమెరికన్ లీగ్‌లో మొదటివాడయ్యాడు. ఇంతేనా అని పెదవి విరవకండి, ఆ ఏడాది లీగ్ సగటు 230.