97 శాతం

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటా దానికే సరిపోతుంది, అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఏమీ అనుకోకండి.

బోట్స్వానా డిటెక్టివ్ నవలల గురించి చెప్పమన్నారు. బోట్స్వానా అంటే ఆఫ్రికాలో, దక్షిణాఫ్రికా పక్కనే ఉన్న దేశం. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ రాసిన 'నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ'. మొదటిది 1998లో వచ్చింది, తర్వాత ఇరవైకి పైనే వచ్చాయి. ఆయన పుట్టింది బులవాయోలో, అంటే ఇప్పటి జింబాబ్వే. ఎడిన్‌బరోలో లా ప్రొఫెసరుగా చేశారు, బోట్స్వానా యూనివర్సిటీలోనూ కొన్నాళ్లు పాఠాలు చెప్పారు.

మన చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల అంటే అట్ట మీద ఒక పిస్తోలు, ఒక అమ్మాయి, కాస్త రక్తం. ఇక్కడ డిటెక్టివ్ మ్మా రమోత్స్వె, నిండైన మనిషి. వాళ్ల నాన్న దక్షిణాఫ్రికా గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, కూడబెట్టిన డబ్బుతో పశువుల మందని పెంచి, కూతురికి వదిలి పోయాడు. ఆవిడ ఆ మందని అమ్మి, బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో క్గాలె గుట్ట కింద ఆఫీసు పెట్టింది. ఆస్తి ఏమిటంటే రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఒక ఫోను, ఒక పాత టైపు మిషను, టీ కాచుకునే సరంజామా, మూడు కప్పులు. రెండు కప్పులు ఆవిడకీ, సెక్రటరీకీ, మూడోది కష్టం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లకి. నేను ఆ మూడో కప్పు దగ్గరే పడిపోయానండీ.

అన్నట్టు, అక్కడ ఆడవాళ్లని గౌరవంగా 'మ్మా' అంటారు, బాగుంది. మగవాళ్లని గౌరవంగా 'ర్రా' అంటారు! మా ఆయన్ని ఒకరోజు అలా పిలిచి చూశాను, ఆ సంగతి వదిలేయండి.

కేసులు కూడా చూడండి. ఒకావిడ ఇంటికి ఒక ముసలాయన వచ్చి, నీ చిన్నప్పుడు వదిలేసి పోయిన నాన్నని నేనే అని తిష్ట వేస్తాడు. తింటాడు, పడుకుంటాడు. మన డిటెక్టివ్ నర్సు వేషంలో పరుగెత్తుకొచ్చి, మీ అమ్మాయికి యాక్సిడెంటయింది, తండ్రి రక్తమే కావాలి, చాలా కావాలి, మీ ప్రాణానికి కూడా ప్రమాదమే అంటుంది. అంతే, ఆయన నేను తండ్రిని కాను బాబోయ్ అని ఒప్పేసుకున్నాడు. పోలీసులు లేరు, వేలిముద్రలు లేవు. మర్యాద రామన్న పద్ధతే కదూ!

నిజానికి మూడు విషయాలు మాట్లాడదామని కాగితం రాసుకొచ్చాను, కానీ నేను చెప్పాల్సింది ఈ కాగితంలో లేదు. అసలు ఈ పుస్తకాలు నేను చదివేది మ్మా మకుత్సి కోసం. ఆ ఆఫీసు సెక్రటరీ. బొబొనాంగ్ అనే మారుమూల ఊరి పిల్ల, పెద్ద పెద్ద కళ్లద్దాలు. సెక్రటరీ కాలేజీలో 97 శాతం తెచ్చుకుంది. ఉద్యోగాలు మాత్రం 50 దాటని అందగత్తెలకి వెళ్లాయి. పుస్తకం తర్వాత పుస్తకం ఆవిడ ఆ 97 ఎత్తుతూనే ఉంటుంది. చదివేవాళ్లు నవ్వుతారు. నాకు నవ్వు రాదండీ.

నేను టైపు హయ్యర్ ఫస్ట్ క్లాసు. నిమిషానికి 45 మాటలు. ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్తే, కార్బను పెట్టి రెండు కాపీలు కొట్టమన్నారు, ఒక్క తప్పు పోలేదు. నా పక్కనమ్మాయి లోయరే తప్పింది. ఆ పెద్దమనిషి నా కాగితం చూడనే లేదు, నా సోడాబుడ్డి కళ్లద్దాలు చూశాడు. 'ముందు గదిలో కూర్చునే పోస్టు కదమ్మా' అన్నాడు. నలభై ఏళ్లయింది, ఆ 'కదమ్మా' ఇంకా చెవిలోనే ఉంది. ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లలో ఎంతమందికి ఇలాంటిదొకటి ఉందో చేతులెత్తండి. చూశారా, చూశారా!

తెల్లాయన రాశాడు, అంతా తీపి పూసి రాశాడు అనేవాళ్లున్నారు, కొంత నిజమే. కానీ మకుత్సి తమ్ముడు జబ్బుతో తీసుకుంటుంటే, ఆవిడ పొద్దంతా ఆఫీసు పని చేసి ఇంటికెళ్లి సేవ చేసే పేజీల్లో తీపేమీ లేదు. నాలుగో పుస్తకంలో, 2002లో వచ్చింది, ఆవిడ మగవాళ్ల కోసం టైపు స్కూలు పెడుతుంది. ఆడవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవడానికి సిగ్గుపడే మగవాళ్ల కోసం! బారుగా మిషన్లు, ముందు నిలబడి మకుత్సి.

అందులోంచి రెండు పేజీలు చదివి వినిపిద్దామనుకున్నాను. కానీ మన లైబ్రరీలో ఆ పుస్తకం బీరువాలో లేదు, ఎవరో తీసుకెళ్లి ఏడాదయింది. ఆ మహానుభావులు ఈ హాల్లోనే ఉంటే దయచేసి తెచ్చి ఇవ్వండి, జరిమానా నేను కడతాను.