పరీక్ష రోజే మొదటిసారి మౌస్ పట్టుకుంటున్న పిల్లలు

నమస్తే. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు మన ఊళ్ల పిల్లలకు కంప్యూటర్, ఇంటర్నెట్ ఎంతవరకు అందుతున్నాయో మాట్లాడుకుందాం.

ఎంసెట్‌ను, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌ను, 2018 నుంచి కంప్యూటర్ మీదే రాయిస్తున్నారు. ఇంజనీరింగ్ వాళ్లకు 160 ప్రశ్నలు, మూడు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి కొన్ని సెకన్లు. మౌస్ అలవాటు లేని పిల్లకు ఆ సెకన్లు కూడా మిగలవు. బాణం గుర్తు అనుకున్న చోట ఆగదు. జవాబు ఎంచుకుని, సేవ్ నొక్కకుండా పక్క ప్రశ్న నంబర్ మీద నొక్కేస్తుంది. ఆ జవాబు లెక్కలోకి రాదు. లెక్క చేయడం వచ్చినా మార్కు పోతుంది. నగరంలో కోచింగ్ తీసుకునే పిల్లలు ఇలాంటి మాక్ టెస్టులు బోలెడన్ని రాసి వెళ్తారు. ములుగు జిల్లాలోని ఏటూరునాగారం, మంగపేట దిక్కు నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి పరీక్ష హాలే మొదటి కంప్యూటర్ క్లాసు. ఇద్దరికీ ర్యాంకు మాత్రం ఒకే లిస్టులో ఇస్తారు.

ఈ మాట ఎత్తగానే "ఇప్పుడు ఫోన్ లేని ఇల్లు ఎక్కడుంది?" అంటారు. నిజమే, ఫోన్ ఉంది. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే ఉంది. 2024లో అందులో దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగితే, దాదాపు 90 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందన్నారు. కానీ వాడటం వచ్చిన పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు మూడో వంతు కూడా లేరు. వాళ్లలోనూ ఆడపిల్లలే తక్కువ. ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోన్ పొద్దున నాన్నతో పాటు పనికి పోతుంది, రాత్రి చార్జింగ్ అయిపోయాక ఇంటికి వస్తుంది. అన్నకు ఇచ్చినంత సులువుగా చెల్లికి ఇవ్వరు. "ఫోన్‌లో ఏం చూస్తున్నవ్?" అనే ప్రశ్న ఆడపిల్లకే ముందు ఎదురవుతుంది. ఆ ఫోన్‌ను లెక్కలో రాసుకుని పిల్లలకు ఇంటర్నెట్ అందిందని చెప్పుకోవడం నాకు ఏమాత్రం నచ్చదు.

కరోనా టైంలో ఇది అందరికీ కనబడింది. 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలుపెట్టారు. పాఠం టీవీలో వచ్చింది సరే. అర్థం కాకపోతే ఎవరిని అడగాలి? సార్ వాట్సాప్‌లో పంపిన హోంవర్కు చూడాలంటే మళ్లీ నాన్న ఫోనే దిక్కు. బడులు తెరిచాక ఆ గొడవ తీరిపోయిందని అందరం మర్చిపోయాం. ఎక్కడ తీరింది? అప్పుడు పాఠం ఒక్కటే ఆన్‌లైన్. ఇప్పుడు అప్లికేషన్, ఫీజు, స్కాలర్‌షిప్, సీటు, అన్నీ ఆన్‌లైనే.

డిగ్రీ అడ్మిషన్లే తీసుకోండి. 2016 నుంచి దోస్త్ ద్వారా, అంటే డిగ్రీ సీట్లన్నిటికీ ఒకే చోట ఆన్‌లైన్‌లో అప్లై చేసే వెబ్‌సైట్ ద్వారా జరుగుతున్నాయి. ఏ కాలేజీలో ఏ సీటు ఉందో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మంచి ఏర్పాటే, కాదనను. కానీ దోస్త్ సీజన్‌లో ఒకసారి ఏదైనా నెట్ సెంటర్‌కు వెళ్లి కాసేపు నిలబడండి. ఆధార్‌కు లింక్ అయిన నంబర్‌కు ఓటీపీ వస్తుంది. జగిత్యాల, కోరుట్ల దిక్కు ఆ నంబర్ దుబాయ్‌లో ఉన్న నాన్నది అయి ఉంటుంది. రీచార్జ్ లేక ఆ సిమ్ ఎప్పుడో బంద్ అయి ఉంటుంది. ఇక అమ్మాయి వేలిముద్ర కోసం మీసేవకు పరుగెత్తాలి. అదంతా అయ్యాక వెబ్ ఆప్షన్లు. కుర్చీలో నెట్ సెంటర్ అబ్బాయి కూర్చుంటాడు, అమ్మాయి వెనక నిలబడి చూస్తుంటుంది. వెనక ఇంకా పది మంది లైన్‌లో ఉంటారు. "బీఎస్సీయా, బీకామా? ఏ కాలేజీ?" అంటూ అతను టకటకా నొక్కుకుంటూ పోతాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను, పొద్దంతా అతను చేసే సాయం చిన్నది కాదు. కానీ మూడేళ్ల చదువు ఎక్కడ చదవాలో ఐదు నిమిషాల్లో, ఇంకొకరి చేత్తో తేలిపోతున్నది. ఆ రోజు సీట్లో కూర్చుని మౌస్ పట్టుకోవాల్సింది ఆ అమ్మాయి. ఒక్కో కాలేజీ పేరు మీద నొక్కి, బస్సు పోతదా, హాస్టల్ ఉందా అని నెమ్మదిగా చూసుకోవాల్సింది.

సిగ్నల్ సంగతి వేరే. మేడారం జాతరకు తాత్కాలిక టవర్లు పెడతారు, జాతర ముగిశాక తీసేస్తారు. భక్తులకు ఆ సౌకర్యం ఉండాల్సిందే. అదే అడవిలో ఏడాది పొడుగునా చదువుకునే పిల్లలకు కూడా ఉండాలి కదా. 2019లో కేరళ హైకోర్టు ఒక హాస్టల్ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని చెప్పింది. ఆ హాస్టల్‌లో రోజూ కొన్ని గంటలు ఫోన్ వాడొద్దన్న నిబంధన మీద వచ్చిన తీర్పు అది. మన గురుకులాల్లో పిల్లలకు ఫోన్ ఇవ్వరు. ఇవ్వకూడదనే తల్లిదండ్రులే ఎక్కువ, వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయితే ఫోన్ ఇవ్వని చోట కంప్యూటర్ గది ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉండాలి.

ఇక బడి ల్యాబ్. ఉమ్మడి రాష్ట్రంలో, 2008 ప్రాంతంలో, వేల హైస్కూళ్లకు ఐదేళ్ల కాంట్రాక్టు మీద కంప్యూటర్లు ఇచ్చారు, నేర్పడానికి మనుషులను కూడా పెట్టారు. కాంట్రాక్టు అయిపోయింది, నేర్పే మనుషులు పోయారు, యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి, గదికి తాళం పడింది. ఆ మానిటర్ల మీద దుమ్ము చూసిన వాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఇప్పుడు హైస్కూళ్లకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. పాఠం చెప్పడానికి బాగుంటాయి, సార్లు ఇష్టంగానే వాడుతున్నారు. కానీ దాన్ని ముట్టుకునేది సారే. పిల్లలు చూస్తారు, అంతే. టైపింగ్ రావాలన్నా, ఫైల్ సేవ్ చేయడం రావాలన్నా, ఫారం తప్పు లేకుండా నింపడం రావాలన్నా పిల్ల వేళ్ల కింద కీబోర్డు ఉండాలి.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. ఉన్న ల్యాబ్‌ను బడి వదిలాక సాయంత్రం ఆరింటి దాకా తెరిచి ఉంచాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో పాటు, ఆ ఊళ్లోనే ఇంటర్ చదివే పిల్లలకూ ఆ టైంలో కూర్చునే వీలుండాలి. ఆడపిల్లలకు విడిగా వారానికి రెండు రోజులు పెడితే ఇళ్లల్లో ఎవరూ అడ్డు చెప్పరు. చూసుకోవడానికి ఒక మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం. ఇంతకు ముందు పథకం చెడింది అక్కడే. కంప్యూటర్లు కొనడానికి డబ్బు దొరికింది, ఆ మనిషిని నిలబెట్టడానికి దొరకలేదు.

మీ ఊళ్లో బడి బాగోగులు చూసే మహిళల కమిటీ, అదే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మీ అమ్మో, అక్కో, వదినో ఉండే ఉంటుంది. వచ్చే మీటింగ్‌లో హెచ్‌ఎం సార్‌ను లేదా మేడమ్‌ను నాలుగు మాటలు అడగమని చెప్పండి. ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంది? ఎన్ని కంప్యూటర్లు ఆన్ అవుతున్నాయి? నెట్ బిల్లు ఎవరు కడుతున్నారు? పోయిన నెలలో ఏ తరగతి పిల్లలు ఆ గదిలో కూర్చున్నారు? జవాబులు మీటింగ్ రిజిస్టర్‌లో రాయించి, సంతకాలు పెట్టించండి. కాపీ ఒకటి మండల విద్యాధికారికి ఇవ్వండి.