తెల్లారి వాకింగ్‌లో మనం పీల్చేది

అందరికీ నమస్కారం. వాకింగ్ మిత్రులు గాలి గురించి మాట్లాడమన్నారు కాబట్టి మీకు నచ్చని మాటే ముందు చెప్పేస్తాను: డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అయిదింటికి రోడ్డు మీద నడిస్తే ఊపిరితిత్తులకు మేలు కంటే ఇబ్బందే ఎక్కువ.

విజయనగరంలో కాలుష్యమేంటండీ, అది ఢిల్లీ గొడవ కదా అంటారు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో మన రాష్ట్రానివి 13 ఉన్నాయి. మనదొకటి, పక్కన శ్రీకాకుళం ఇంకొకటి.

కారణం అడిగితే అందరూ ఫ్యాక్టరీల వైపు చూపిస్తారు. గరివిడి, బొబ్బిలి వైపు ఇనుప మిశ్రలోహాలు తయారుచేసే ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీలు ఉన్నాయి, కాదనను. కానీ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మీ కళ్లలో పడే దుమ్ము అక్కడిది కాదు. టార్పాలిన్ కప్పని ట్రాక్టర్ నుంచి రాలిన ఇసుక రోడ్డు పక్కన పేరుకుంటుంది, వచ్చే ప్రతి బస్సూ దాన్ని లేపుతుంది, పొద్దున్నే పొడి చీపురుతో ఊడ్చి మనమూ ఇంకోసారి లేపుతాం. ఇందులో పీల్చగలిగేంత సన్నంది పీఎం 10. చొక్కా మీద దుమ్ము కనిపిస్తుంది కాబట్టి మున్సిపాలిటీని తిడతాం.

కనిపించనిది అంతకంటే సన్నటి ధూళి, పీఎం 2.5. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో, ముప్పయ్యో వంతో ఉంటుంది, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది, మరీ సన్నవి రక్తంలోనూ కలుస్తాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు దీనితోనే ఎక్కువ. ఇది ముఖ్యంగా ఏదో ఒకటి కాలితే పుడుతుంది: డీజిల్ ఆటో, ఊక మండించే మిల్లు, కట్టెల పొయ్యి, ఇంటి ముందు తుక్కు. నా కోపమంతా ఈ చివరిదాని మీదే. ఆకుల్లో పాలప్యాకెట్లు, డైపర్లు, పాత చెప్పులు కలిపి అగ్గిపుల్ల గీసేసి వీధి శుభ్రమైపోయిందనుకుంటాం. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది, వసూలు చేయడం మాత్రం నా కంటపడలేదు. భోగి మంటలో టైర్లు వద్దంటే సంప్రదాయం జోలికి రావద్దంటారు, టైరు ఎప్పటి సంప్రదాయమో మరి!

ఇక తెల్లవారుజాము సంగతి. చలికాలం రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలీ చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి పొర మూతలా పడుతుంది. రాత్రి లారీల పొగ, తెల్లారి తుక్కు పొగ పైకి పోయే దారి లేక మన ముక్కు ఎత్తులోనే తిరుగుతుంటాయి. ఎండెక్కితే గానీ ఆ మూత లేవదు. మంచు కురుస్తోందని ఫొటోలు తీసుకుంటాం గానీ అందులో పొగా ఉంటుంది.

గాలి హద్దులోనే ఉందని ఎవరైనా చెబితే ఏ హద్దని అడగండి. పీఎం 2.5కి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5.

కాబట్టి చలికాలం మూడు నెలలూ ఎండ వచ్చాక, రోడ్డు వదిలేసి ఏదైనా గ్రౌండులో నడవండి. ఆస్తమా ఉన్నవాళ్లకి గుడ్డ మాస్కు చాలదు, పొగలోని సన్న కణాల్ని ఆపేది ఎన్95 మాస్కు. ఇక అడగండి, మొదట వెనక కుర్చీల వాళ్లు.