పునాది తీసే ముందు
(ఉగాండాలో అనాథాశ్రమం కోసం చందాలు పోగుచేస్తున్న చిన్న సంస్థ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఉంటూ ఉగాండాలో 24 మంచాల అనాథాశ్రమం కట్టాలని పూనుకున్నారు. చందా పుస్తకం తెరవగానే అందరూ అడిగేది భవనానికి ఎంతవుతుందని. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మంచాల మీద పడుకోబోయే పిల్లలు ఈ రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు?

'అనాథ' అన్న మాట దగ్గరే లెక్క తప్పుతుంది. మనకు అనాథ అంటే దిక్కులేని బిడ్డ. యునిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా అనాథే. 2015 నాటి ఆ సంస్థ అంచనాలో ప్రపంచంలోని అనాథలు దాదాపు 14 కోట్లు, ఇద్దరినీ పోగొట్టుకున్నవారు దాదాపు కోటిన్నర. ఉగాండాలోని రకాయ్ ప్రాంతంలో ఎయిడ్స్ ఒక తరాన్నే ఎత్తుకుపోయినప్పుడు పిల్లల్ని సాకింది ఎక్కువగా జజ్జాలు. అక్కడి లుగాండా భాషలో అమ్మమ్మకీ నానమ్మకీ తాతకీ అదే పిలుపు.

మరి ఆశ్రమాలకు పిల్లలు ఎందుకు వస్తున్నారంటే, చాలాసార్లు చదువు కోసం. 1997 నుంచి అక్కడ ప్రాథమిక విద్యకు ఫీజు లేదు. కానీ యూనిఫాం, నోటు పుస్తకాలు, మధ్యాహ్నం తిండి ఇంటివాళ్లే చూసుకోవాలి. ముగ్గురు మనవల్ని సాకే జజ్జాకి మీ బోర్డు కనబడితే, మన ఊళ్లలో పిల్లల్ని హాస్టల్లో వేసినట్టే తెచ్చి వేస్తుంది. మంచాలు ఎన్ని వేస్తే అన్నీ నిండుతాయి. నిండాయి కాబట్టి అవసరం ఉందనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

చట్టం కూడా ఈ దారిలో లేదు. ఉగాండాలో పిల్లల్ని ఉంచుకునే సంస్థకు 'అప్రూవ్డ్ హోమ్' అనుమతి కావాలి. బిడ్డను అక్కడ ఉంచాలంటే జిల్లాలో పిల్లల సంక్షేమం చూసే ప్రొబేషన్ అధికారి విచారణ, కోర్టు ఇచ్చే కేర్ ఆర్డర్ (సంరక్షణ ఉత్తర్వు) ఉండాలి. ఆ ఆర్డర్ గరిష్ఠంగా 3 ఏళ్లు, ఏడాదికోసారి సమీక్ష. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరుచేయకూడదని ఐక్యరాజ్యసమితి 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పొరుగున రువాండా 2012లో ఆశ్రమాలు మూసే పనికి దిగింది. కెన్యా 2017లో కొత్త ఆశ్రమాల నమోదే ఆపింది. ఈ గాలి చూస్తూ 24 మంచాల భవనం కట్టడం తెలివైన పని కాదు.

డబ్బు సంగతీ చూద్దాం. 24 మంది పిల్లలకు, 8 మందికి ఒక పెద్ద మనిషి చొప్పున, ఎప్పుడూ ముగ్గురు ఉండాలి. వారానికి 168 గంటలు, ముగ్గురికి 504. మనిషికి 48 గంటల పని అనుకుంటే పదిన్నర మంది, సెలవులు కలిపితే 12. వంట, కాపలా, సోషల్ వర్కర్ జీతాలు దీనికి వేరే. అయిదేళ్ల బిడ్డను తీసుకుంటే 13 ఏళ్లు ఈ జీతాలు ఆగకూడదు. గోడలకు దాతలు దొరుకుతారు, శిలాఫలకం మీద పేరుంటుంది కదా! తొమ్మిదో ఏట ఆయా జీతానికి దొరకరు.

అందుకే పగటిపూట కేంద్రం కట్టమని చెబుతాం. బడి అయ్యాక పిల్లలు వచ్చి తిని, చదువుకుని, ఇంటికెళ్లే చోటు. దానితో పాటు పెంచుతున్న కుటుంబానికి యూనిఫాం, పుస్తకాలు, బడి భోజనం ఖర్చు. నిజంగా ఎవరూ లేని బిడ్డకు బంధువులో, పెంపుడు కుటుంబమో దొరికేదాకా ఎలా అన్నది ప్రొబేషన్ అధికారితో కూర్చుని తేల్చుకోండి.

ఇక స్థలం. ఇక్కడే ఎక్కువ డబ్బు మునుగుతుంది. విదేశీయులకు, విదేశీయుల చేతిలో ఉన్న సంస్థలకు ఉగాండాలో భూమి మీద లీజు హక్కే దక్కుతుంది, అదీ 99 ఏళ్లకు మించకుండా. కంపాలా చుట్టూ ఉన్న బుగాండా ప్రాంతంలో 'మైలో' భూములుంటాయి, 1900 నాటి ఒప్పందంతో వచ్చినవి. పట్టా ఒకరిది, దాని మీద తరాలుగా 'కిబంజా' సాగు ఇంకొకరిది. పట్టాదారుకి డబ్బు కట్టినంత మాత్రాన కిబంజాదారు లేచిపోడు, చట్టం అతని పక్షానే ఉంది. భూమి కార్యాలయంలో పట్టా వెతికించండి, సర్వేయరుతో హద్దురాళ్లు చూపించండి, ఎల్‌సీ 1 (గ్రామ మండలి) చైర్మన్‌నీ చుట్టుపక్కల రైతుల్నీ అడగండి. మూడూ ఒకే మాట చెప్పాకే బయానా.

నీళ్లకు చాలావరకు పైకప్పు మీద పడే వాననే నమ్ముకోవచ్చు. కంపాలా చుట్టుపక్కల ఏడాదికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల వాన. 150 చదరపు మీటర్ల రేకుల కప్పు, వృథా అయిదో వంతు తీసేస్తే ఏడాదికి 1,44,000 లీటర్లు. పగటి కేంద్రానికి 60 మంది పిల్లలు వస్తారనుకుంటే, తలకు 10 లీటర్ల చొప్పున రోజుకు 600. వాన పలుచబడే రెండు నెలలకు 36,000 నిల్వ కావాలి, అంటే 10,000 లీటర్ల ట్యాంకులు నాలుగు. తొలి వాన నీటిని బయటికి వదిలే గొట్టం మరవద్దు, రేకుల మీది దుమ్మూ రెట్టా అందులోనే పోతాయి. చేతిపంపు వేస్తే అక్కడి యూ2 పంపు మనకు పాత చుట్టమే, ఇండియా మార్క్ 2 నుంచి వచ్చింది. భూగర్భజలంలో ఆమ్లం ఉన్నచోట జీఐ గొట్టాలు (జింకు పూత ఇనుప గొట్టాలు) తుప్పుపట్టి నీళ్లు ఎర్రబడతాయి, జనం మళ్లీ వాగుకే పోతారు. ముందు నీటి పరీక్ష, తర్వాతే గొట్టం ఎంపిక.

కట్టుబడికి డబ్బు ఒకేసారి పంపొద్దు. పునాది, గోడలు, రింగ్ బీమ్ (గోడల తలమీద చుట్టూ వేసే కాంక్రీటు పట్టీ), కప్పు, పూత పనులు — ఒక్కో దశ పూర్తయ్యాక, వేరే ఇంజనీరు చూసి సంతకం చేశాకే మరుసటి వాయిదా. చివరి 10 శాతం ఆరు నెలలు ఆపుకోండి, ఒక వానకాలం గడిస్తేగానీ కప్పు కారేదీ లేనిదీ తెలియదు. కప్పు డబ్బు చేతిలో లేకుండా గోడలు లేపకండి. మార్చి నుంచి మే దాకా వానలు, కప్పులేని గోడ తలమీంచి నీళ్లు దిగి మట్టి అతుకులు కరుగుతాయి. రేకులు 28 గేజ్ అడగండి. అంకె పెరిగేకొద్దీ రేకు పలచన, 32 గేజ్ అంటగట్టే వాళ్లుంటారు. పిడుగు కడ్డీ, దాని ఎర్తింగ్ అంచనాలోనే రాయండి. 2011 జూన్‌లో కిర్యాండొంగోలో ఒక బడి మీద పిడుగుపడి 18 మంది పిల్లలు పోయారు.

చివరిగా మీ కరపత్రం. 'అనాథాశ్రమ భవనానికి' అని అడిగి తీసుకున్న డబ్బు బ్రిటన్ చట్టం ప్రకారం ఆ పనికే కట్టుబడిన నిధి. రేపు పగటి కేంద్రం వైపు మళ్లించాలంటే కమిటీలో చేతులెత్తితే చాలదు. గిఫ్ట్ ఎయిడ్ కింద, అంటే దాత కట్టిన పన్నులోంచి ప్రభుత్వం సంస్థకు ఇచ్చే పద్ధతిలో, పౌండుకు 25 పెన్నీలు అదనంగా వస్తాయి, ఆ ఫారాలు దాత సంతకంతో దాచండి. ఇప్పటికే ఇచ్చిన దాతలకు ఉత్తరాలు రాసి, మారిన ఆలోచన చెప్పి, ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. కొత్త కరపత్రంలో 'తల్లిదండ్రుల్ని కోల్పోయిన పిల్లల సంరక్షణకు, వారిని పెంచే కుటుంబాలకు, అందుకు కావలసిన కట్టడాలకు' అని అచ్చువేయించండి.